96 గొప్పా, 84 గొప్పా?

అది చోడవరంలో ఒక హైస్కూలు అనుకోండి. ఎనిమిదో తరగతిలో 40 మంది పిల్లలు. ఉపకార వేతన పరీక్ష దగ్గర పడుతోందని మేస్టారు సాయంత్రం బడి వదిలాక వాళ్ళచేత నమూనా పరీక్షలు రాయిస్తున్నారు. ఒక అమ్మాయికి మొదటి పరీక్షలో 180కి 96 మార్కులు వచ్చాయి. పదిహేను రోజుల తరువాత పెట్టిన రెండో పరీక్షలో 84 వచ్చాయి. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. ఇంటిదగ్గర నాన్న కాగితం చూసి, "ఏమ్మా, ధ్యాస ఎటు పోతోంది?" అన్నాడు. మర్నాడు బడిలో మేస్టారు అదే కాగితం చూసి, "భేష్! బాగా పుంజుకున్నావు" అన్నారు.

ఇద్దరూ చూసింది ఒకే కాగితం. మరి ఇద్దరిలో ఎవరి మాట నిజం?

ఈ అమ్మాయి రాయబోయే పరీక్షను పెద్దవాళ్ళు ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. అంటారు. తెలివితేటలుండి, ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉన్న పిల్లలు ఎనిమిదో తరగతితో బడి మానేయకుండా చూడాలని కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన ఉపకార వేతనం ఇది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు ఎనిమిదో తరగతిలో ఈ పరీక్ష రాస్తారు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా వేతనం వస్తుంది. మొదట్లో ఏడాదికి 6,000 రూపాయలు ఇచ్చేవారు. 2017 ఏప్రిల్ నుంచి అది 12,000 అయింది. నాలుగేళ్ళకు 48,000 రూపాయలు! చెరకు నరకటానికి కూలికి వెళ్ళే ఇంట్లో ఆ డబ్బు ఎంత పని చేస్తుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఆ 96కూ 84కూ అర్థం ఏమిటో సరిగ్గా తెలుసుకోవాలి.

చోడవరం వైపు చెరకు బళ్ళను కాటా వేయటం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక బండి చెరకును ఒక కాటా మీద తూచితే 2,000 కిలోలు చూపించింది. అదే బండిని పక్క ఊరి కాటా మీదికి ఎక్కిస్తే 1,900 చూపించింది. దారిలో చెరకు పోయిందా? పోలేదు. రెండో కాటా తక్కువ చూపిస్తోంది, అంతే. ప్రశ్నపత్రం కూడా ఒక కాటాయే. ఒక పత్రం సులువుగా ఉంటే అందరికీ ఎక్కువ చూపిస్తుంది. మరొకటి కష్టంగా ఉంటే అందరికీ తక్కువ చూపిస్తుంది. కనుక రెండు పత్రాల్లో వచ్చిన మార్కుల్ని పక్కపక్కన పెట్టి, ఇది ఎక్కువ, అది తక్కువ అనటం రెండు కాటాల చీటీలు పట్టుకుని పోట్లాడుకోవటం లాంటిది.

మరి మేస్టారు ఏం చూశారు? ఆయన మార్కుల జాబితా అంతా చూశారు. మొదటి పరీక్షలో మన అమ్మాయి కంటే తక్కువ వచ్చినవాళ్ళు 25 మంది. రెండో పరీక్షలో ఆమె కంటే తక్కువ వచ్చినవాళ్ళు 34 మంది! 40 మందిలో 25 అంటే నూటికి 62.5. 34 అంటే నూటికి 85. రెండో పత్రం కష్టంగా ఉంది. అందరి మార్కులూ పడిపోయాయి. అందరికంటే తక్కువగా పడినవాళ్ళలో మన అమ్మాయి ఉంది. మేస్టారు భేష్ అనటంలో తప్పేముంది?

ఇలా "నూటికి ఎంతమంది నాకంటే కింద ఉన్నారు" అని చెప్పే సంఖ్యనే పర్సెంటైల్ అంటారు. పర్సెంటు వేరు, పర్సెంటైల్ వేరు సుమా! పర్సెంటు మీకూ ప్రశ్నపత్రానికీ మధ్య లెక్క. పర్సెంటైల్ మీకూ మీతోపాటు రాసినవాళ్ళకూ మధ్య లెక్క. రెండో పరీక్షలో మన అమ్మాయి పర్సెంటు 46.7 మాత్రమే. పర్సెంటైల్ మాత్రం 85. పత్రికల్లో ఫలానా విద్యార్థికి 100 పర్సెంటైల్ వచ్చిందని రాస్తే, ఒక్క మార్కూ పోలేదని అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మార్కులు పోయి ఉండవచ్చు. ఆ విద్యార్థి కంటే పైన ఎవరూ లేరని మాత్రమే దాని అర్థం.

"మేస్టారండీ, 40 మందిలో మొదటి వచ్చినవాడి కింద 39 మందే కదండీ ఉంటారు? 39 అంటే నూటికి 97.5. మరి 100 ఎలా వస్తుంది?" అని మీలో ఎవరికైనా సందేహం వచ్చిందా? వచ్చి ఉంటే శభాష్. కొందరు "నాకంటే తక్కువ వచ్చినవాళ్ళు" అని లెక్కపెడతారు. కొందరు "నాతో సమానంగా గాని, నాకంటే తక్కువగా గాని వచ్చినవాళ్ళు" అని లెక్కపెడతారు. రెండో పద్ధతిలో మొదటివాడు తనను కూడా లెక్కలో కలుపుకుంటాడు గనక 100 వస్తుంది. ఇంజనీరింగు కాలేజీల కోసం రాసే జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో 2019 నుంచి ఈ రెండో పద్ధతి వాడుతున్నారు. ఆ పరీక్షను లక్షలమంది అనేక పూటల్లో, పూటకో ప్రశ్నపత్రంతో రాస్తారు. అంటే పూటకో కాటా అన్నమాట. అందుకని ఏ పూట రాసినవాళ్ళకు ఆ పూటవాళ్ళతోనే పర్సెంటైల్ కట్టి, తరువాత అందర్నీ ఒక వరుసలో చేరుస్తారు. ఇందులో ఒక నమ్మకం ఉంది. ఎవరు ఏ పూట రాయాలో కలగాపులగంగా పంచారు గనక, ఉదయం రాసిన గుంపూ సాయంత్రం రాసిన గుంపూ మొత్తం మీద ఒకే స్థాయిలో ఉంటాయన్న నమ్మకం. గుంపులు పెద్దవి గనక అది చాలావరకు నిలుస్తుంది.

మన 40 మంది సంగతి వేరు. పర్సెంటైల్ ఎప్పుడూ "ఎవరి మధ్య?" అన్న ప్రశ్నను వెంటబెట్టుకునే ఉంటుంది. తన తరగతిలో 85 పర్సెంటైల్ ఉన్న పిల్ల, జిల్లాలో అన్ని బడుల పిల్లల్నీ కలిపితే 70కి దిగవచ్చు, 95కు ఎక్కనూవచ్చు. తరగతి ఎలాంటిదన్న దాన్నిబట్టి ఉంటుంది. నమూనా పరీక్షను నాలుగైదు బడులు కలిసి ఒకే రోజున పెట్టుకుంటే మంచిదని అనుభవమున్న మేస్టర్లు అనేది ఇందుకే.

ఇప్పుడు అసలు పరీక్ష దగ్గరికి వద్దాం. ఎన్.ఎమ్.ఎమ్.ఎస్.లో రాష్ట్రం అంతటికీ ఒకే రోజు, ఒకే పత్రం. ఒకే కాటా గనక మార్కుల్ని సరిచేసే పని లేదు. వచ్చిన మార్కుల్ని కూడి వరుస కడతారు. రెండు భాగాలు. మొదటిది మానసిక సామర్థ్య పరీక్ష. దీన్ని పిల్లలు మ్యాట్ అంటారు. సంఖ్యల వరుసలు, పోలికలు, బొమ్మల చిక్కుముడులు, ఇలా 90 ప్రశ్నలు. రెండోది శాట్, అంటే పాఠాల మీద పరీక్ష. అందులో సామాన్యశాస్త్రం 35, సాంఘికశాస్త్రం 35, లెక్కలు 20, వెరసి 90. ఒక్కో ప్రశ్నకు ఒక్కో మార్కు.

రెండు భాగాలూ కలిపి కనీసం నూటికి 40, అంటే 180కి 72 రావాలి. షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు నూటికి 32 చాలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 72 దాటితే వేతనం వచ్చేసిందనుకుంటారు. 72 గుమ్మం మాత్రమే. గుమ్మం దాటి లోపలికి వచ్చినవాళ్ళలో ఎంతమందికి కుర్చీలున్నాయో అది వేరే లెక్క. దేశం మొత్తం మీద ఏటా ఇచ్చే కొత్త వేతనాలు 1,00,000. వాటిని ఎంతమంది పిల్లలున్నారన్న దాన్నిబట్టి రాష్ట్రాలకు పంచుతారు. ఆంధ్రప్రదేశ్ వాటా 4,087. తెలంగాణ వాటా 2,921. మన రాష్ట్రంలో ఆ వాటాను మళ్ళీ జిల్లాలకు పంచి, రిజర్వేషన్ల ప్రకారం ఎంపిక చేస్తారు. 2022 ఏప్రిల్‌లో చోడవరం విశాఖపట్నం జిల్లాలోంచి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా గీత మారితే పిల్ల ఎవరితో పోటీ పడుతుందన్నదీ మారుతుందని దీన్నిబట్టి మీరే ఊహించుకోవచ్చు.

జిల్లా వాటా ఎక్కడ అయిపోతుందో ఆ చివరి పిల్ల మార్కే ఆ ఏటి కటాఫ్. దాన్ని ఎవరూ ముందుగా నిర్ణయించరు. పత్రం సులువైతే పైకి పోతుంది, కష్టమైతే కిందికి దిగుతుంది. పోయిన ఏడు కటాఫ్ ఇంత గనక ఈ ఏడు అంత తెచ్చుకుంటే చాలు అనుకోవటం మళ్ళీ రెండు కాటాల పొరపాటే.

ఇంకో మాట. 180 ప్రశ్నల పరీక్షలో, చదువు స్థాయి ఏమీ మారని ఒకే పిల్లకు అంతే కష్టమైన మరో పత్రం ఇస్తే అయిదారు మార్కులు అటూ ఇటూ కావటం మామూలే. తెలిసిన పాఠంలోంచి ఒక ప్రశ్న ఎక్కువ పడుతుంది, తెలియని దాంట్లోంచి ఒకటి తక్కువ పడుతుంది. కనుక ఒక్క మార్కు తేడాతో గీతకు పైన ఉన్న పిల్లకూ కింద ఉన్న పిల్లకూ చదువులో తేడా ఉందని ఈ కాటా చెప్పలేదు. అంత సన్నని తూకం దానికి చేతకాదు. కుర్చీలు అన్నే ఉన్నాయి గనక ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, అంతే.

ఈ సంగతి మన దేశానికే కాదు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి ముందు పిల్లలు రాసే ఒక అభ్యాస పరీక్ష ఉంది. పేరు పి.ఎస్.ఏ.టి. పేరుకు అభ్యాసమే అయినా 1971 నుంచి నేషనల్ మెరిట్ అనే ఉపకార వేతనానికి అదే తొలిమెట్టు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళ పిల్లలు చాలామంది దీనికోసం కష్టపడతారు. అందులో రెండు భాగాలు, భాషా గణితమూ. ఒక్కోదానికి మార్కులు 160 నుంచి 760 దాకా. అయితే వేతనానికి ఆ రెంటినీ ఉత్తినే కూడరు. భాష మార్కును రెట్టింపు చేసి, గణితం మార్కు కలిపి, 10తో భాగిస్తారు. రెంటిలోనూ 760 వస్తే 1,520కి 760 కలిపితే 2,280. పదితో భాగిస్తే 228. అంతకు మించి ఎవరికీ రాదు. అక్కడా కుర్చీల్ని రాష్ట్రాలవారీగానే పంచుతారు. అందుకని తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో గీత బాగా పైన ఉంటుంది. ఇంకో రాష్ట్రంలో దానికి పది పదిహేను పాయింట్లు కిందే ఉండవచ్చు. న్యూజెర్సీ పిల్లలు ఇది అన్యాయం అంటారు. చిన్న రాష్ట్రాల పిల్లలు ఇదే న్యాయం అంటారు. అనకాపల్లిలో అడిగినా ఇలాంటి జవాబులే వస్తాయేమో!

భాషను రెట్టింపు చేయటం వింటే మీకు చిత్రంగా ఉండవచ్చు. మన పరీక్షలో ఏదీ రెట్టింపు చేయరు, రెండు భాగాలకూ చెరో 90. కనుక రెంటికీ సమానమైన బరువు అనుకుంటాం. నిజంగా సమానమేనా? ఒక లెక్క వేసి చూడండి. ఒక తరగతిలో మ్యాట్ మార్కులు 20 నుంచి 75 దాకా పరుచుకుని ఉన్నాయి. శాట్ మార్కులు మాత్రం 40కీ 52కీ మధ్యనే ఇరుకుగా ఉన్నాయి. ఒక పిల్లవాడు శాట్‌లో తరగతికంతటికీ మొదటివాడు, 52. మ్యాట్‌లో మధ్యస్థం, 47. మొత్తం 99. ఇంకో పిల్లవాడు మ్యాట్‌లో మొదటివాడు, 75. శాట్‌లో అందరికంటే ఆఖరు, 40. మొత్తం 115! ఒకదాంట్లో మొదటివాడూ, మరోదాంట్లో ఆఖరివాడూ అయిన పిల్లవాడు, ఒకదాంట్లో మొదటివాడూ, మరోదాంట్లో మధ్యస్థుడూ అయినవాడిని 16 మార్కుల తేడాతో దాటేశాడు.

కారణం మీకు తట్టిందా? శాట్‌లో మొదటివాడికీ ఆఖరివాడికీ తేడా 12 మార్కులే. మ్యాట్‌లో 55. కూడినప్పుడు వరుసను నిర్ణయించేది ఒక భాగానికి ఎన్ని మార్కులు కేటాయించారన్నది కాదు. ఆ భాగంలో పిల్లల మార్కులు ఎంత దూరం పరుచుకున్నాయన్నది. దీన్ని గణిత శాస్త్రజ్ఞులు వ్యాప్తి అంటారు. కొన్ని పెద్ద పరీక్షల్లో ముందు ప్రతి భాగం వ్యాప్తినీ ఒకే కొలతకు తెచ్చి, ఆ తరువాతే కూడతారు. మన పరీక్షలో అలా చేయరు, నేరుగా కూడటమే. కనుక మీ బడిలో నమూనా పరీక్ష పెట్టినప్పుడు ఏ భాగంలో మార్కులు ఎక్కువగా చెదిరిపోయాయో చూడండి. తరగతి వరుసను తారుమారు చేసేది అదే. పాఠ్యపుస్తకంలో లేదు గదా అని మ్యాట్‌ను ఆఖరి వారానికి వదిలేసే పిల్లలు ఈ లెక్కను ఇంకోసారి చేసి చూడాలి.

సరే, ఈ మార్కుల్ని లెక్కపెట్టేది ఎవరు? ఇంతమంది పిల్లల జవాబుల్ని మేస్టర్లు కూర్చుని దిద్దరు. మీరు గుండ్రాలు నింపే కాగితాన్ని యంత్రం చదువుతుంది. దీనికొక చక్కని కథ ఉంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో రేనాల్డ్ జాన్సన్ అనే సైన్సు మేస్టారు ఉండేవాడు. చిన్నప్పుడు ఆయన అక్కల కోసం వచ్చే కుర్రాళ్ళ కార్లను ఆటపట్టించటానికి ఇంజను స్పార్కు ప్లగ్గు మీద పెన్సిలుతో గీతలు గీసేవాడట. కారు కదిలేది కాదు. పెన్సిలు ములుకులో ఉండేది గ్రాఫైటు. దాని గుండా విద్యుత్తు పారుతుంది. ప్లగ్గులో నిప్పురవ్వగా ఎగరవలసిన విద్యుత్తు ఆ గీత వెంట జారిపోయేది. పెద్దయ్యాక ఆ అల్లరే ఆయనకు పనికొచ్చింది. పెన్సిలు గుర్తు పెట్టినచోట చిన్న విద్యుత్ ప్రవాహం పారేలా ఒక యంత్రం కట్టాడు. సరైన జవాబుల దగ్గర పారిన ప్రవాహాలన్నీ కలిసి ఒక మీటరు ముల్లును కదిలిస్తాయి. ముల్లు ఎక్కడ ఆగితే అదే మార్కు! ఐ.బి.ఎమ్. కంపెనీ దాన్ని 1938 నాటికి అమ్మకానికి తెచ్చింది. ఆ జాన్సన్ నడిపిన ప్రయోగశాలలోనే 1956లో కంప్యూటర్లకు మొదటి హార్డ్ డిస్కు కూడా తయారయింది.

ఇప్పటి యంత్రాలకు విద్యుత్తు పారనక్కరలేదు, కాంతి చాలు. తెల్లకాగితం మీద పడిన కాంతి వెనక్కు తిరిగి వస్తుంది, నల్లగా నింపిన గుండ్రం దాన్ని మింగేస్తుంది. ఏ గుండ్రం దగ్గర వెలుగు తగ్గిందో యంత్రం చూసుకుంటుంది. అందుకే బాల్ పాయింటు పెన్నుతో నింపినా పరవాలేదు. అయితే యంత్రానికి జాలి లేదు. సగం నింపి వదిలేస్తే చూడకపోవచ్చు. ఒకే ప్రశ్నకు రెండు గుండ్రాలు నింపితే అందులో ఒకటి సరైనదే అయినా మార్కు ఇవ్వదు.

ఇక అందరూ గుసగుసగా అడిగే ప్రశ్న. తెలియని జవాబును ఊహించి నింపవచ్చా? మన పరీక్షలో తప్పుకు మార్కు కోయరు. నాలుగు జవాబుల్లో ఒకటి సరైనది గనక, కళ్ళు మూసుకుని నింపినా సగటున నాలుగింటికి ఒకటి తగులుతుంది. 20 ప్రశ్నల్ని ఖాళీగా వదిలేసిన పిల్ల సగటున 5 మార్కులు వదులుకున్నట్టే. రెండు జవాబులు కావని తెలిసి, మిగిలిన రెంటిలో ఒకటి ఎంచుకుంటే సగటున 10 మార్కులు. పోనీ, మొత్తం పరీక్షే కళ్ళు మూసుకుని నింపితే? సగటున 45. ఇలా రాసే నూరుమందిలో 70 మందికి పైగా 39కీ 51కీ మధ్యనే ఆగిపోతారు. 72 దాటేవాడు లక్షమందిలో ఒక్కడైనా ఉండటం కష్టం. ఆ గుమ్మం ఎత్తు అంతమాత్రం ఉంది మరి.

తప్పుకు మార్కు కోసే పరీక్షలూ ఉన్నాయి. సరైనదానికి ఒక మార్కు ఇచ్చి, తప్పుకు మూడోవంతు మార్కు కోస్తే గుడ్డి ఊహకు ఫలితం సరిగ్గా సున్న. నాలుగింటిలో ఒకటి తగిలి ఒక మార్కు వస్తుంది, మూడు తప్పి ఒక మార్కు పోతుంది. జె.ఇ.ఇ.లో సరైనదానికి 4, తప్పుకు 1 కోత. నాలుగు గుడ్డి ఊహలకు 4 వచ్చి 3 పోగా ఇంకా 1 మిగులుతుంది! అంటే కోత ఉందని భయపడినంతగా అది కోయదు. అయితే ఇవన్నీ సగటు లెక్కలు. ఒక్క పిల్లవాడికి ఒక్క పూట ఏమవుతుందో సగటు చెప్పదు.

ఆ తేడా చూడాలంటే తరగతిలో ఒక ఆట ఆడండి. మేస్టారు 20 ప్రశ్నలకు జవాబు అంకెలు, 1 నుంచి 4లోపువి, ఒక చీటీ మీద రాసి దాచుకుంటారు. ప్రశ్నలు ఎవరికీ చెప్పరు! పిల్లలు ఒక్కొక్కరూ డబ్బాలో 1, 2, 3, 4 అని రాసిన నాలుగు చీటీలు వేసుకుని, కళ్ళు మూసుకుని ఒకటి తీసి, ఆ అంకె రాసుకుని, చీటీ మళ్ళీ డబ్బాలో వేయాలి. ఇలా 20 సార్లు. తరువాత మేస్టారి జవాబులతో దిద్దుకోండి. ఎంతమందికి ఎన్ని వచ్చాయో నల్లబల్ల మీద చుక్కలు పెడుతూ పోతే 5 దగ్గర కుప్ప లేస్తుంది. 40 మంది ఉంటే అందరికంటే పైన ఉన్నవాడికి 9 గాని, 10 గాని వచ్చి ఉంటుంది. ఆ మొదటివాడికి అందరిచేతా చప్పట్లు కొట్టించండి. మర్నాడు ఆట మళ్ళీ ఆడండి. ఆ మొదటివాడికి ఈసారి బహుశా నాలుగో, అయిదో, ఆరో వస్తాయి. అప్పుడు వెనక బెంచీలోంచి ఎవరైనా "నిన్నటికీ ఇవాళ్టికీ వీడికి ధ్యాస తగ్గిపోయింది, మేస్టారండీ" అంటారేమో వినండి.